అండమానులో ఉపాధి ఎవరికి? ఎంతకాలానికి?

ఒక ప్రాంతం అభివృద్ధి చెందుచున్నదని చెప్పటానికి పాలకులు సాధారణంగా రెండు అంకెలను చూపుదురు. మొదటిది, ఎన్ని కోట్ల పెట్టుబడి అన్నది. రెండవది, ఎన్ని వేల ఉద్యోగాలు అన్నది. ఈ రెండవ అంకె వినబడినప్పుడెల్లా కార్మికోద్యమం మరి రెండు ప్రశ్నలు వేయవలసి ఉన్నది. ఆ ఉద్యోగాలు ఎవరికి? ఎంతకాలానికి? ఈ ప్రశ్నలను పక్కనబెట్టి ఉపాధిని గూర్చి మాట్లాడినచో ఏమి జరుగునో తెలుసుకొనుటకు అండమాన్ నికోబార్ దీవుల చరిత్రను మించిన పాఠం మన దేశంలో మరొకటి లేదని మేము భావిస్తున్నాము.

ఈ దీవులు తెలుగువారికి పరాయివి కావు. ఒకనాడు అండమాను అనగానే ద్వీపాంతర శిక్ష జ్ఞాపకం వచ్చేది. నేడు అది వేలాది తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టుచున్న నేల. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనసంఖ్య సుమారు 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేలకు పైచిలుకు, అనగా నూటికి పదముగ్గురు. వీరిలో అత్యధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాలనుండి వలపట్టుకొని, పారపట్టుకొని వెళ్లినవారే. అక్కడినుండి వచ్చిన మనీయార్డర్లను పల్లెలలో పంచిన తపాలా సోదరులకు ఈ సంబంధం బాగుగా తెలియును. చెన్నైలో ఓడ దిగి, మూటాముల్లెలతో ఉత్తరాంధ్ర రైలెక్కే కుటుంబాలను రైల్వే సోదరులు ఎరుగుదురు. ఆ దీవులలో రైలు లేదు. అయినను రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో రైలు టికెట్ల రిజర్వేషను కౌంటరు ఉన్నది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చబడిన ఆ పట్టణంలో మెయిన్‌లాండ్‌తో బంధం తెగని శ్రామికులు ఎందరున్నారో ఆ ఒక్క కౌంటరే చెప్పును.

దీవుల చరిత్రను పరిశీలించిన ఒక సంగతి స్పష్టమగును. అక్కడ ఎల్లప్పుడును ముందు పని నిర్ణయింపబడినది, తరువాత చేతులు తేబడినవి. 1858లో బ్రిటిషు ప్రభుత్వం ఖైదీల వలసను నెలకొల్పి, శిక్షపడినవారిచేత అడవి కొట్టించినది. 1883లో చాథం దీవిపై రంపపు మిల్లును స్థాపించినది. ఆసియాలోని ప్రాచీనమైన రంపపు మిల్లులలో ఒకటైన ఆ కార్ఖానా రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుదాడికి గురియై తిరిగి లేచినది. 1918 నుండి అడవి పనులకు ఛోటానాగపూర్ ఆదివాసులను రాంచీ మీదుగా తెచ్చిరి. స్వాతంత్ర్యానంతరం, 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థులకు, 1969 నుండి గ్రేట్ నికోబార్‌లో మాజీ సైనికులకు పునరావాసం కల్పించిరి. 1964 నాటి ఒప్పందం మేరకు శ్రీలంకనుండి తిరిగివచ్చిన తమిళ కార్మికులలో కొందరిని కచ్చాల్ దీవిలో రబ్బరు తోటలకు చేర్చిరి.

ఈ వలసలన్నియు ఒకే రీతిగా ముగియలేదు. శరణార్థులకు, మాజీ సైనికులకు సాగుభూమి ఇచ్చిరి. వారు వేళ్లూనుకొనిరి. రాంచీవారికి పని మాత్రమే ఇచ్చిరి. రోడ్లు వేసి, అడవులు నరికి, ఇతరుల సాగుకు నేల చదునుచేసిన ఆ కుటుంబాలలో అనేకులు తాము కొట్టిన అడవి అంచుననే పట్టా లేని గుడిసెలలో మిగిలిపోయిరి. తమ సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలైనవారు దీవులలో ఆ గుర్తింపుకై తరతరాలుగా అడుగుచునే ఉన్నారు. కూలి ఇచ్చినంత మాత్రాన బ్రతుకు ఇచ్చినట్లు కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక కలప సంగతి. స్వాతంత్ర్యం తరువాత కూడా దీవుల ఉపాధికి వెన్నెముక అడవియే. 1977లో అటవీ, తోటల అభివృద్ధి కార్పొరేషను ఏర్పడినది. లిటిల్ అండమాన్, ఉత్తర అండమాన్ అడవులలో కలప కొట్టుట దాని ముఖ్య వ్యాపారం. 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు సహజంగా పెరిగిన చెట్ల నరికివేతను, మెయిన్‌లాండ్‌కు కలప ఎగుమతిని కట్టడి చేసినది. ప్లైవుడ్ కార్ఖానాలు మూతపడినవి. కార్పొరేషను ఆదాయం కుంగినది. 2017లో కేంద్ర మంత్రివర్గం దానిని మూసివేయుటకు నిర్ణయించినది.

ఆ తీర్పును మేము తప్పు పట్టుట లేదు. లిటిల్ అండమాన్ ఓంగీల మాతృభూమి. వారి అడవిని అమ్మి ఇతరులకు జీతాలిచ్చుట న్యాయం కానేరదు. మా ఫిర్యాదు వేరొకటి. అడవి తరుగుచున్నదని పాలకులకు ముందుగానే తెలియును. ఆ అడవిపై ఆధారపడిన కార్మికులకు మరొక జీవనోపాధిని సమకూర్చుటకు 1977 నుండి 2002 వరకు పాతికేళ్ల వ్యవధి దొరికినది. ఆ పని జరుగలేదు. లాభం వచ్చినన్నాళ్లు కార్మికుడు అవసరమైనాడు, లాభం తగ్గిననాడు భారమైనాడు.

నేడు దీవులలో అతిపెద్ద యజమాని ప్రభుత్వమే. ఆదర్శ యజమానిగా నిలువవలసిన ఆ ప్రభుత్వం తన కార్మికులను ఎట్లు చూచుచున్నది? దీవుల పరిపాలనలో దినసరి మజ్దూర్లు అను వర్గం ఒకటి దీర్ఘకాలంగా ఉన్నది. రోడ్లు, నీటిసరఫరా, విద్యుత్తు, రేవులు వీరి చేతులమీద నడుచుచున్నవి. రెగ్యులరు కార్మికునితో సమానంగా జీతం, కరువుభత్యం కావలెనని సుమారు నాలుగువేలమంది పక్షాన సాగిన వ్యాజ్యంలో కలకత్తా హైకోర్టు 2022 డిసెంబరులో కార్మికులకు అనుకూలంగా ఆదేశించినది. ఆ ఆదేశం అమలు కాలేదు. 2023 ఆగస్టు 3న అదే హైకోర్టు పోర్ట్ బ్లెయిర్ సర్క్యూట్ బెంచి, కోర్టు ధిక్కారం క్రింద, దీవుల ప్రధాన కార్యదర్శిని సస్పెండు చేసి, లెఫ్టినెంటు గవర్నరుకు ఐదు లక్షల రూపాయల జరిమానా విధించినది. మరునాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తరువుపై స్టే ఇచ్చినది. ఇంత పెద్ద పదవులలోనివారు బోనెక్కవలసి వచ్చినది దేనికి? పార పట్టినవానికి న్యాయమైన దినవేతనం ఇచ్చుటకు!

ఈ కథ మనకు క్రొత్తది కాదు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు ప్రభుత్వ పదవిలో ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లో చెప్పవలసి వచ్చినది. రైల్వే ప్రాజెక్టులలో ఏళ్లతరబడి పనిచేసిన క్యాజువల్ కార్మికులను శాశ్వత ఉద్యోగాలలోనికి తీసికొనుటకు 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసు కావలసి వచ్చినది. తపాలా, తంతి శాఖలోని దినసరి కార్మికులకు రెగ్యులరు స్కేలు కనీసవేతనం ఇవ్వవలెననియు, సంవత్సరానికి మించి పనిచేసినవారిని ఖాయపరచుటకు స్కీము తయారుచేయవలెననియు అదే న్యాయస్థానం 1987లో ఆదేశించినది. ఇ.డి. ఏజెంట్లు గ్రామీణ డాక్ సేవకులని పేరు మారినారేగాని వారి పోరాటం నేటికిని ముగియలేదు. మనం నలుబది ఏండ్ల క్రిందట నడిచిన బాటలోనే నేడు అండమాను మజ్దూరు నడుచుచున్నాడు. ఆ బాట ముళ్లు ఎరిగినవారిగా మనకు అతని పట్ల బాధ్యత కలదు.

ఈ నేపథ్యంలో గ్రేట్ నికోబార్ బృహత్పథకాన్ని పరిశీలించవలెను. గలథియా అఖాతంలో కంటైనర్ల రేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, నూతన పట్టణం ఇందులోని భాగాలు. మొదట చెప్పిన వ్యయం 72 వేల కోట్ల రూపాయలు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించినది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించవలసి ఉన్నది. 2011లో ఎనిమిదివేల జనాభా గల ఆ దీవికి ముప్పది ఏండ్లలో మూడున్నర లక్షల జనాన్ని చేర్చుట లక్ష్యం. అనగా అన్ని దీవులలోను కలిపి ఆనాడున్న జనాభాకు ఇంచుమించు సమానమైన జనాన్ని ఒక్క దీవికి తరలించుట.

రేవులు వద్దని మేము అనుట లేదు. తూర్పు పడమరల నౌకామార్గం ఆ దీవికి చేరువగా సాగుచున్నది. మన సరకు కొలంబోలోను, సింగపూరులోను ఓడలు మారుచున్నదన్న మాట వాస్తవమే. దేశరక్షణ అవసరమన్న వాదనను కూడా తేలికగా త్రోసిపుచ్చరాదు. అయినను మన రెండు ప్రశ్నలు అక్కడనే నిలిచి ఉన్నవి. యంత్రాలతో నడుచు నేటి కంటైనర్ల రేవులో నిర్మాణం ముగిసిన పిదప ఎందరికి పని? ఆ పనికి కావలసిన శిక్షణ దీవుల యువకులకు ఎక్కడ ఇచ్చుచున్నారు? శిక్షణ లేనిచో క్రేను నడుపువాడు బయటినుండి వచ్చును, గేటు కాయువాడు మాత్రమే స్థానికుడగును. నిర్మాణానికి వచ్చు వేలాది కూలీలలో మన ఉత్తరాంధ్ర సోదరులు కూడా ఉండగలరు. కాంట్రాక్టు ముగిసిననాడు వారిది రాంచీవారి గతియేనా?

అంతకన్నను ముఖ్యమైనది ఆ నేల సొంతదారుల మాట. షాంపెన్ తెగవారు కొన్ని వందలకు మించరు. నికోబారీయులు 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఇండ్లను, కొబ్బరితోటలను కోల్పోయి క్యాంప్‌బెల్ బే సమీపాన పునరావాస గ్రామాలకు తరలింపబడినారు. తోట యజమానులైనవారిలో అనేకులు కూలిపనికి దిగవలసి వచ్చినది. తమ పాత గ్రామాలకు తిరిగి పోనిమ్మని వారు కోరుచున్నారు. తాము లోగడ ఇచ్చిన సమ్మతిని 2022 నవంబరులో గిరిజన మండలి ఉపసంహరించుకొన్నది. స్వతంత్రులను కూలీలుగా మార్చి, ఆ కూలీల సంఖ్యనే ఉపాధి లెక్కలో చూపు అభివృద్ధిని మేము అంగీకరింపలేము.

అయితే మరొక మార్గం కలదా అని అడుగువారుందురు. కలదు. నికోబారు దీవులలో కొబ్బరి, వక్క వ్యాపారం చాలకాలం ప్రైవేటు వర్తకుల గుప్పిట ఉండెడిది. కార్ నికోబార్‌లో ఎల్లోన్ హినెంగో, నాన్‌కౌరీలో మానులా మథాయ్ అను సహకార సంఘాల ద్వారా నికోబారీయులే తమ ఎండుకొబ్బరిని అమ్ముకొనుటకు, నిత్యావసరాలను తెప్పించుకొనుటకు పూనుకొనిరి. సునామీ ఈ వ్యవస్థను గట్టి దెబ్బ తీసినది. అయినను సహకార పద్ధతిని ఆ సమాజం ఎరుగునన్నది రుజువైనది. ఎండుకొబ్బరిని సంచులలో ఓడ ఎక్కించుటకు బదులు, అక్కడనే నూనె తీసి, పీచు వడికినచో ఆ పనియు, ఆ లాభమును గ్రామంలోనే నిలుచును.

చేపల సంగతి మన తెలుగు మత్స్యకారులకు నేరుగా సంబంధించినది. దీవులచుట్టు గల ఆర్థికమండల సముద్రం ఆరు లక్షల చదరపు కిలోమీటర్లు. ఏటా లక్షా నలుబది ఎనిమిదివేల టన్నుల చేపలు పట్టవచ్చునని నిపుణుల అంచనా. పట్టుచున్నది అందులో కొద్దిభాగం. ఐసు, చలువ గిడ్డంగి, లోతు సముద్రానికి తగిన మరపడవలు, సకాలంలో ఓడ ఉండవలెను. ఇవి లేనిచోట దళారి చెప్పినదే ధర. లక్షదీవులలోని చిన్న దీవి మినికాయ్‌లో 1969లోనే ప్రభుత్వం ట్యూనా చేపల డబ్బా కార్ఖానా పెట్టినది. స్థానిక జాలరులు గాలాలతో పట్టిన చేపకు స్థానికంగానే విలువ చేర్చు ప్రయత్నం అది. అక్కడ సాధ్యమైనది అండమానులో ఎందుకు కారాదు?

దూరం వలన ఖర్చు హెచ్చునని, ఇవి గిట్టుబాటు కావని అధికారులు చెప్పుదురు. దూరం నిజమే. చెన్నైనుండి ఓడలో మూడు నాలుగు రోజుల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్ నుండి డిగ్లీపూర్ వరకు సుమారు 240 కిలోమీటర్ల రైలుమార్గం ప్రతిపాదనగా వినవచ్చినదేగాని ఒక్క పట్టా పడలేదు. కాబట్టి దీవులకు ఓడయే రైలు. నష్టం వచ్చు బ్రాంచి లైనులోను రైలు నడుచుచున్నది. నాలుగు ఉత్తరాలకై కొండపల్లెకు తపాలా పోవుచున్నది. గిట్టుబాటు ఒక్కటే కొలమానమైనచో మన రెండు శాఖలును సగం దేశాన్ని విడిచిపెట్టి ఉండెడివి. 2020 ఆగస్టులో చెన్నైనుండి దీవులకు సముద్రగర్భ కేబులు ప్రారంభమైనది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ కేబులును వేయించినది ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. మాట చేరుటకు ప్రభుత్వం అంత ఖర్చు పెట్టగలిగినప్పుడు, చేప, కొబ్బరి చేరుటకు పెట్టలేదా?

కావున మేము కోరునది ఇది. దీవులలో దినసరి మజ్దూర్లందరికి సమానవేతనం చెల్లించి, శాశ్వత స్వభావం గల పనులలో ఉన్నవారిని ఖాయపరచవలెను. ఏ పథకమైనను ఉద్యోగాల సంఖ్యతోపాటు అవి శాశ్వతమా, కాంట్రాక్టా, స్థానికులకు ఎన్ని అన్న వివరం ముందుగా ప్రకటింపవలెను. ఆ పనులకు శిక్షణ పథకానికంటె ముందే మొదలు కావలెను. గిరిజన మండళ్ల సమ్మతి లేనిదే వారి నేలను తాకరాదు. మత్స్య, కొబ్బరి సహకార సంఘాలకు గిడ్డంగులు, యంత్రాలు, తక్కువ రేటుకు ఓడ రవాణా కల్పింపవలెను.

ఈ కోర్కెలను దీవుల కార్మికులు ఒంటరిగా సాధింపలేరు. వారి సంఖ్య స్వల్పం, పార్లమెంటులో వారికి ఉన్నది ఒకే ఒక్క స్థానం. దేశమంతట శాఖలు గల రైల్వే, తపాలా ఉద్యోగులు తమ బ్రాంచి సమావేశాలలో ఈ విషయమై తీర్మానాలు చేసి ప్రభుత్వానికి పంపవలెనని కోరుచున్నాము. క్యాజువల్ అను ముద్ర మన ముందుతరం నుదుటినుండి చెరిగినది సాటి కార్మికుల అండవలననే. ఆ అండ సముద్రం దాటవలసిన సమయం వచ్చినది.