డివిడెండ్ మన సొమ్ములోదే: గ్రోత్ ఆప్షన్ అడుగుదాం

హైదరాబాద్‌లోని చాంద్రాయణగుట్ట, బార్కాస్, కంచన్‌బాగ్ నివాసులకు విజ్ఞప్తి!

రిటైర్మెంట్ డబ్బో, స్థలం అమ్మిన డబ్బో చేతికి రాగానే మనం అడిగే మొదటి మాట "నెలకెంత వస్తుంది?" అని. ఆ మాట పట్టుకునే మనకు మ్యూచువల్ ఫండ్లలో డివిడెండ్ ఆప్షన్ అంటగడుతున్నారు. అసలు కదలకుండా పైన వచ్చే ఆదాయం అనుకుని సంతకం పెడుతున్నాం. అది నిజం కాదు.

లెక్క చూడండి. 20 రూపాయల యూనిట్లు 5,000 కొన్నారు, లక్ష పెట్టారు. ఫండ్ యూనిట్‌కు రూపాయి చొప్పున డివిడెండ్ ఇచ్చింది. మీ ఖాతాలో 5,000 పడ్డాయి. దాంతోపాటే యూనిట్ విలువ 19కి దిగింది, ఫండ్‌లో మిగిలింది 95,000. పైగా ఆ 5,000 మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. ఈ సంగతి జనానికి స్పష్టంగా తెలియాలనే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 ఏప్రిల్ నుంచి ఈ ప్లాన్ల పేరును ఐడీసీడబ్ల్యూ (ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్)గా మార్పించింది. మన పెట్టుబడిలోంచి కూడా తీసి ఇస్తారని ఆ పేరులోనే ఉంది. అమ్మేవాళ్లు మాత్రం ఇంకా డివిడెండనే చెబుతున్నారు.

గ్రోత్ ఆప్షన్‌లో కంపెనీలు ఇచ్చిన డివిడెండ్ ఫండ్‌లోనే ఉంటుంది, దాంతో మళ్లీ షేర్లు కొంటారు. ఏటా 10 శాతం పెరిగితే లక్ష రూపాయలు 20 ఏళ్లకు 6.73 లక్షలవుతాయి. అందులోంచి ఏటా 2 శాతం తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేది 4.66 లక్షలు, మధ్యలో చేతికొచ్చింది మొత్తం సుమారు 92 వేలు. ఇది లెక్క మాత్రమే, హామీ కాదు. 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ 2008 జనవరిలో 6,200 దాటి, అక్టోబరుకల్లా 2,600 దిగువకు పడింది, మళ్లీ ఆ మెట్టు దాటి నిలబడడానికి ఐదేళ్లకు పైగా పట్టింది. పిల్ల పెళ్లికి వచ్చే ఏడాది కావలసిన డబ్బు ఇందులో పెట్టకండి.

మధ్యలో అవసరం పడితే కావలసినన్ని యూనిట్లే అమ్ముకోవచ్చు. పన్ను లాభానికే. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్లయితే ఏటా 1.25 లక్షల లాభం దాకా అదీ లేదు, ఆపైన 12.5 శాతం.

గ్రోత్‌లోనూ నిఫ్టీ కంపెనీలన్నిటినీ కొనే ఇండెక్స్ ఫండే మేలు. ఎందుకంటే, ఈ నగరం సత్యం కంప్యూటర్స్ కుంభకోణాన్ని చూసింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ షేరు ఒక్కరోజులో ముప్పాతిక విలువకు పైగా పోగొట్టుకుంది. అదొక్కటే నమ్ముకున్నవాళ్లు మునిగిపోయారు. నిఫ్టీ ఫండ్‌లో అది 50 కంపెనీల్లో ఒకటి, వారం తిరక్కుండానే సూచీ నుంచి తీసేశారు. మన పక్కనే ఉన్న ప్రభుత్వ సంస్థలు బీడీఎల్, మిధాని 2018లో మార్కెట్‌లో లిస్టయ్యాయి. వాటిలో పనిచేసేవాళ్లు గర్వపడడం న్యాయమే, కానీ జీతం, పొదుపు రెండూ ఒకే గేటు మీద ఆధారపడకూడదు.

పాతబస్తీది మరో బాధ. వడ్డీ తినకూడదని బ్యాంకు డిపాజిట్లకు దూరంగా ఉండే కుటుంబాలకు "వడ్డీ కాదు, లాభంలో వాటా" అన్న మాట తియ్యగా వినిపిస్తుంది. అలాంటి మాటలతోనే ఏటా 36 శాతం దాకా రాబడి ఆశ చూపి మోసం చేశారన్న ఆరోపణలపై హీరా గ్రూప్ అధిపతిని 2018 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఆ కేసుల్లో డబ్బు కట్టినవాళ్లు మనలాంటివాళ్లే. నిజానికి వేరే దారి ఉంది: వడ్డీ వ్యాపారం, మద్యం కంపెనీలు లేని నిఫ్టీ 50 షరియా సూచీని అనుసరించే ఈటీఎఫ్ (షేరులా కొనే ఫండ్) 2009 నుంచే ఉంది. డీమ్యాట్ ఖాతా ఉంటే ఎవరైనా కొనవచ్చు. మన గల్లీల్లో ఆ సంగతి చెప్పే దిక్కు లేదు.

అందుకే అడుగుతున్నాం. ఈ ప్రాంతంలోని ప్రతి బ్యాంకు శాఖ, ప్రతి ఏజెంటు సంతకానికి ముందు పై లెక్కను తెలుగులో, ఉర్దూలో కాగితం మీద చూపించాలి. రిటైరయ్యేవారికి డబ్బు చేతికి వచ్చేలోపే వారి సంస్థలు ఈ విషయం చెప్పించాలి.

ఫండ్లున్నవాళ్లు ఈ వారమే స్టేట్‌మెంట్ తీసి ఐడీసీడబ్ల్యూ అని ఉందేమో చూసుకోండి. ఉంటే గ్రోత్‌కు మారే ముందు పన్ను, ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మితే కోసే రుసుము) ఎంతో అడగండి, ఎందుకంటే మారడాన్నీ అమ్మకంగానే లెక్కిస్తారు. చదువు రాని పొరుగువారికి ఈ కరపత్రం చదివి వినిపించండి.