హక్కు అడిగిన ఆడబిడ్డకు పార్టీ రంగు పులమకండి

మా పట్టణంలో ఇటీవల ఒక వామపక్ష మహిళా సంఘం వారు బీడీ కార్మికుల బస్తీలో సభ పెట్టుకున్నారు. బీడీ కూలి, భరణం, మెహర్, గృహహింస చట్టం వారి చర్చాంశాలు. మన ఇళ్ల స్త్రీలు నలభై మంది దాకా వెళ్లారు. ఆ మరుసటి శుక్రవారం జుమా నమాజు ముగిశాక మసీదు వరండాలో ఒక పెద్దమనిషి అందరికీ వినబడేలా అన్నారు: "వాళ్లు దేవుణ్ణే నమ్మనివాళ్లు. మన ఆడవాళ్లను షరీఅత్ మీదికి ఎగదోయడానికి వస్తున్నారు. ఎవరి ఇంట్లో వారు చెప్పుకోండి." ఎవరూ మారు పలకలేదు. నేనూ పలకలేదు. ఆనాడు మింగిన మాటను ఈనాడు కాగితం మీద పెడుతున్నాను.

నేను ఏ పార్టీ సభ్యుణ్ణీ కాను. అయిదు పూటలా నమాజు చేసేవాణ్ణి. ఎర్రజెండా వారి విశ్వాసంతో నాకు పొత్తు లేదు. అయితే ఒక సంఘాన్ని తూచవలసింది అది దేన్ని నమ్ముతుందన్న దానితోనా, మన ఆడబిడ్డ కష్టంలో ఉన్నప్పుడు అది ఎక్కడ నిలబడిందన్న దానితోనా? మొదటి ప్రశ్నకు లెక్క అల్లాహ్ తీర్చుకుంటాడు. రెండవదానికి లెక్క మన ఎదుటే ఉంది.

షాబానో సంగతి నుంచే మొదలుపెడదాం. ఇండోర్‌కు చెందిన ఆమెకు 62 ఏళ్ల వయసులో, 1978లో, భర్త తలాఖ్ ఇచ్చాడు. ఆయన న్యాయవాది. కింది కోర్టు ఆమెకు నిర్ణయించిన భరణం నెలకు 25 రూపాయలు. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. ఈ మాత్రం సొమ్మును 1985లో సుప్రీంకోర్టు ఖాయం చేస్తే దేశమంతటా మనం వీధుల్లోకి వచ్చాం. ఆ ఊరేగింపుల్లో నేనూ నడిచాను. అప్పటికి నేను కాలేజీ కుర్రవాణ్ణి. ఇస్లాం ప్రమాదంలో పడిందని నినదించిన మేము ఆ వృద్ధురాలికి నెలనెలా బియ్యం ఎవరు తెచ్చిస్తున్నారని ఒక్కరమూ అడగలేదు. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చినప్పుడు వామపక్షాలు దానిని వ్యతిరేకించాయి. ఆ కారణంగా వారిని మనం శత్రువుల జాబితాలో రాసుకున్నాం.

షాబానో తరఫున సుప్రీంకోర్టులో వాదించిన న్యాయవాది దానియాల్ లతీఫీ. ఆయన ముస్లిం, కమ్యూనిస్టు భావాల వ్యక్తి. ఆ 1986 చట్టాన్ని సవాలు చేసింది కూడా ఆయనే. 2001లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చట్టాన్ని నిలబెడుతూనే దానికి అర్థం చెప్పింది. విడాకులు పొందిన స్త్రీ భవిష్యత్ జీవనానికి కావలసిన న్యాయమైన ఏర్పాటును భర్త ఇద్దత్ కాలం లోపలే చేయాలి, ఆ ఏర్పాటు ఇద్దత్ కాలానికి మాత్రమే పరిమితం కాదు అన్నది. 2024 జులైలో, మన తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో, భరణం కోరే సాధారణ చట్టం కూడా ముస్లిం స్త్రీకి తెరిచే ఉందని సుప్రీంకోర్టు మరల చెప్పింది. ఇన్నేళ్లలో ఇస్లాం ఎక్కడా మునిగిపోలేదు. మునిగింది మన వాదన.

"వారు మన చట్టాల్లో వేలు పెట్టేవారే కదా" అంటారు. అలాగైతే 2019ని గుర్తు చేసుకోండి. ఒక్కమాటున మూడు తలాఖ్‌లు చెప్పిన భర్తకు మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే బిల్లు ఆ ఏడాది జులై 30న రాజ్యసభలో 99-84 ఓట్ల తేడాతో గట్టెక్కింది. దానిని వ్యతిరేకించినవారిలో వామపక్షాలున్నాయి. అలాంటి తలాఖ్ చెల్లదని 2017లోనే సుప్రీంకోర్టు తేల్చాక, చెల్లని మాటకు జైలు ఎందుకు, భర్త జైలుకు పోతే భార్యకు అన్నం పెట్టేదెవరు అన్నది వారి ప్రశ్న. 1986లో మనకు చేదైనవారే 2019లో మన పక్షాన ఓటేశారు. వారు మారలేదు. రెండుసార్లూ వారు నిలబడింది స్త్రీ పక్షాన. ఒకసారి అది మనకు గిట్టలేదు, ఒకసారి గిట్టింది. అంతే తేడా.

ఇక బిల్కీస్ బానో. 2002 గుజరాత్ మారణకాండలో, అయిదు నెలల గర్భిణిగా ఉండగా ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. మూడేళ్ల కూతురు సహా ఆమె వారిని పధ్నాలుగు మందిని చంపారు. యావజ్జీవ శిక్ష పడిన పదకొండు మందినీ 2022 ఆగస్టు 15న విడిచిపెట్టినప్పుడు వారికి దండలు వేసి మిఠాయిలు పంచారు. ఆ విడుదలను సవాలు చేస్తూ సుప్రీంకోర్టు తలుపు తట్టినవారిలో ముందు నిలిచింది సీపీఎం నాయకురాలు సుభాషిణీ అలీ, ఆమెతోపాటు పాత్రికేయురాలు రేవతీ లాల్, ప్రొఫెసర్ రూప్‌రేఖా వర్మ. ఎంపీ మహువా మొయిత్రా, సీపీఐకి చెందిన భారత జాతీయ మహిళా సమాఖ్య కూడా వెళ్లారు. తరువాత బిల్కీస్ తానే వెళ్లింది. 2024 జనవరి 8న కోర్టు ఆ విడుదల ఉత్తర్వును కొట్టివేసింది, నేరస్థులు తిరిగి జైలుకు పోవలసి వచ్చింది. మన మహాసంస్థలు తీర్మానాలు చేస్తుండగా కోర్టు మెట్లెక్కి పిటిషన్ మీద సంతకం పెట్టినవారు వీరు. ఆ సంతకాలు పెట్టేముందు బిల్కీస్ ఏ మతస్థురాలని వారు అడగలేదు. వారి విశ్వాసం ఏమిటని మనం అడగడానికి ఏ ముఖం ఉంది?

ఇది బయటివారు తెచ్చిపెట్టిన భావమన్న మాట కూడా చరిత్ర తెలియక అనేదే. అలీగఢ్‌లో 1906లో ముస్లిం బాలికలకు పాఠశాల పెట్టిన షేక్ అబ్దుల్లా కూతురు డాక్టర్ రషీద్ జహాన్ కమ్యూనిస్టు పార్టీలో పనిచేసింది. 1954లో ఏర్పడిన జాతీయ మహిళా సమాఖ్య స్థాపకుల్లో హాజరా బేగం ఒకరు. హైదరాబాదులో మఖ్దూం మొహియుద్దీన్ తరానికి అండగా నిలిచిన జమాలున్నీసా బాజీ మాటలు 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" పుస్తకంలో ఉన్నాయి. వీరంతా మన ఇళ్లలో పుట్టి, మన దస్తర్‌ఖాన్ ముందు తిని పెరిగినవారు. మన పిల్లలకు వీరి పేర్లు తెలియకపోవడం వీరి తప్పు కాదు.

ఇప్పుడు నా సంగతి. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా ఉద్యోగం చేశాను. అందులో చాలాకాలం దస్తావేజుల మధ్య గడిచింది. ఆ కాగితాల్లో నన్ను ఈనాటికీ వెంటాడేది హక్కు విడుదల దస్తావేజు. తండ్రి చనిపోయిన నెలలోనో, ఏడాదిలోనో అన్నదమ్ములు ఆడబిడ్డను వెంటబెట్టుకొని వచ్చేవారు. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా" అన్న వాక్యం దగ్గర ఆమె వేలు ఇంకులో ముంచేవారు. హిందువులూ వచ్చేవారు, మనవారూ వచ్చేవారు. తేడా ఒక్కటే. వారి ఆడబిడ్డ వాటా చట్టసభలు ఇచ్చింది. మన ఆడబిడ్డ వాటా సూరా అన్నిసాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించింది. దానిని కూడా మనం స్టాంపు కాగితం మీద రద్దు చేయించగలిగాం!

మా ఇంట్లోనూ అదే జరిగింది. ఇద్దరు అన్నదమ్ములం, ఒక అక్క. అమ్మ అంతకుముందే పోయింది. అబ్బాజాన్ వదిలిన ఇల్లు, పొలం అయిదు వాటాలు వేస్తే ఒకటి ఆపాది. పెళ్లికి ఖర్చయింది కదా అని సమాధానం చెప్పుకొని విడుదల దస్తావేజు ముసాయిదా నేనే రాశాను, నా దస్తూరీతో. ఆపా చదవకుండా సంతకం పెట్టింది. పదేళ్లకు బావగారు పోయారు. ఆమె కుట్టుమిషను మీద ముగ్గురు పిల్లల్ని పెంచింది. నా ఉద్యోగ విరమణ సొమ్ము వచ్చాక ఆ వాటా విలువ లెక్కకట్టి, తమ్ముడి వంతు కూడా కలిపి, ఆమె చేతిలో పెట్టాను. ఆమె వద్దనలేదు. నోట్లు లెక్కపెట్టుకొని, "ఇది నువ్వు ఇస్తున్నది కాదు, అబ్బాజాన్ ఇచ్చింది. తోవలో ఇరవై రెండేళ్లు ఆగింది" అంది. మా వాటాను ఆపినది ఏ కమ్యూనిస్టూ కాదు. ఆపినవాడు హాజీగారి కొడుకు.

కొడుకుకు రెండు, కూతురికి ఒకటి అన్న విధి సమానత్వం కాదని మహిళా సంఘాలు అంటాయి. ఆ వాదానికి మన ఉలమాల వద్ద జవాబున్నది, ఆ చర్చ సాగనివ్వండి. అయితే కూతురికి ఆ ఒకటి కూడా ఇవ్వనివాడికి ఆ చర్చలో నోరెత్తే అర్హత లేదు. సాగుభూమి సంగతి చూడండి. 1937 నాటి షరీఅత్ చట్టం సాగుభూమిని తన పరిధి నుంచి తప్పించింది. దానిని తరువాత కొన్ని రాష్ట్రాలు సవరించుకున్నాయి, కొన్ని వదిలేశాయి. అలా వదిలేసిన చోట్ల షరీఅత్ రక్షణ పేరిట ఎన్ని ఊరేగింపులు తీశారు? తలాఖ్ హక్కుకు వచ్చినంత కోపం కూతురి ఎకరానికి ఎందుకు రాదు?

వామపక్షాలకు కూడా నా ఫిర్యాదు ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన స్త్రీలను పోరాటం ముగిశాక ఇళ్లకు పొమ్మన్న బాధ పైన చెప్పిన పుస్తకంలోనే ఆ స్త్రీల నోటనే ఉంది. మహిళా రిజర్వేషన్ల బిల్లును 1996లో పరిశీలించిన సంయుక్త కమిటీకి సీపీఐ నాయకురాలు గీతా ముఖర్జీ అధ్యక్షురాలు. ఆ పట్టుదలకు సలాం. అయితే 2023 సెప్టెంబరులో లోక్‌సభ ఆ బిల్లును 454-2 ఓట్లతో ఆమోదించినప్పుడు వెనుకబడిన తరగతుల, ముస్లిం స్త్రీల వాటా ఏదని వ్యతిరేకంగా ఓటేసినవారు మజ్లిస్ సభ్యులిద్దరే. మూడోవంతు స్థానాలు స్త్రీలకు అన్నప్పుడు ఆ మూడోవంతులో బీడీ చుట్టే ఖాతూన్‌కు చోటెక్కడ అని అడగడం స్త్రీల ఐక్యతను చీల్చడం కాదు. వర్గం గురించి మాకు పాఠం చెప్పినవారే ఈ మాట ముందుగా అనవలసింది. మా బస్తీలో సభ పెట్టిన మీరు రేపు మునిసిపల్ ఎన్నికల్లో ఆ బస్తీ స్త్రీకి టికెట్టు ఇవ్వండి. ఊరేగింపులో ముందు వరుస, కమిటీలో వెనుక వరుస అన్న పద్ధతి మాకు కొత్త కాదు. మా పెద్దలూ మా స్త్రీలకు అదే చేస్తున్నారు.

మన బలహీనతను చూపి మన మీదికి చట్టాన్ని ఆయుధంగా తెచ్చేవారున్నారు, నిజమే. ముస్లిం స్త్రీ కోసం కన్నీరు కార్చే నోళ్లే బిల్కీస్ విషయంలో మూతపడ్డాయి. ఆ కపటానికి జవాబు స్త్రీ హక్కు మాటే ఎత్తకుండా ఉండడం కాదు. మన ఇంటి లెక్క మనం సరిచేసుకున్ననాడు వారి చేతిలో ఆయుధం ఉండదు.

కాబట్టి ఆ పెద్దమనిషికి ఇదే నా జవాబు. మన స్త్రీలను ఆ సభకు వెళ్లనివ్వండి. అక్కడ వినే మాటల్లో కొన్ని వారికి నచ్చకపోవచ్చు, అప్పుడు లేచి జవాబు చెబుతారు. చెప్పగలరు. ప్రతి మసీదు కమిటీ నికాహ్‌నామాలో మెహర్ ఎంతో, ఎంత చెల్లిందో రాయించాలి. జనాజా అయిన నలభై రోజుల లోపల కూతుళ్ల వాటా లెక్క కుటుంబం ముందు పెట్టించాలి. భరణం తగవు వచ్చినప్పుడు పంచాయితీలో ఇద్దరు స్త్రీలను కూర్చోబెట్టాలి. ఈ మూడు పనులకు ఏ పార్టీ అనుమతీ అక్కరలేదు.

వచ్చే శుక్రవారం ఈ పత్రిక ప్రతి ఒకటి ఆ వరండాలో ఉంచుతాను. ఈసారి మౌనంగా తిరిగిరాను, ఇన్షా అల్లాహ్.