నల్లా లెక్క ఇంటికి కాదు, మనిషికి కట్టాలె



పోయిన వారం ఒక తమ్ముడు తన కిరాయి రూముకు ఓనర్ రాసిచ్చిన నీళ్ల పైసల చిట్టీ ఫోటో పెట్టి, "ఇది న్యాయమేనా?" అని అడిగిండు. కింద కామెంట్లు చూసి మాకు బాధైంది. "ఇది టౌనోళ్ల ముచ్చట, మన గ్రూపుల ఎందుకు" అని ఒకాయన. "పోడు పట్టాలున్నయి, స్కాలర్‌షిప్‌లున్నయి, రిజర్వేషన్ ఉన్నది, నల్లా బిల్లు కూడా ఒక ఉద్యమమేనా" అని ఇంకొకాయన. నవ్వే బొమ్మలు పెట్టినోళ్లు కూడా ఉన్నరు. వాళ్లకు జవాబుగా రాస్తున్నం. రఘునాథపల్లి మండలం తండాల నుంచి వచ్చి, హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న వాళ్లం కొంతమంది కూర్చుని మాట్లాడుకుని రాసింది ఇది. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్లం మేమే. పోస్టు పొడుగైతది, ఓపికతో చదవండి.

అసలు టౌనోళ్లు అంటే ఎవరు? మన మండలం హైవే మీద ఉన్నది. రఘునాథపల్లిల బస్సెక్కితే ఒక దిక్కు జనగామ, భువనగిరి, హైదరాబాద్. ఇంకో దిక్కు స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, హనుమకొండ, వరంగల్. వానలు పడక, బోరు ఎండిపోయి, అప్పు పెరిగిన ఏడాది మన తండాల నుంచి ఆ రెండు దిక్కులకూ బస్సెక్కుతరు. తాపీ పనికి, సెంట్రింగ్‌కు, ఇండ్లల్ల పనికి, ఆటో నడపడానికి. పిల్లల చదువుల కోసం యాడి, బాపు ఇద్దరూ వచ్చి ఒక్క రూములో ఉంటున్న కుటుంబాలు మాకు తెలిసినవే ఎన్నో. వాళ్ల ఇల్లు తండాలో ఉన్నది, ఓటు తండాలో ఉన్నది, దాహం మాత్రం టౌన్‌ల ఉన్నది. టౌన్‌ల నల్లా రేటు పెరిగితే ముందు తగిలేది వాళ్లకే. కాబట్టి ఇది మన ముచ్చటే.

ఇప్పుడు ఆ రెండు దిక్కుల సంగతి చూద్దాం.

2020 డిసెంబర్‌లో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు జరిగినయి. దానికి ముందు, నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితం అని అప్పటి ప్రభుత్వం మాటిచ్చింది. 2021 జనవరి 12న మొదలుపెట్టింది కూడా. బస్తీల్లో మీటరు లేకున్నా వర్తిస్తది, మిగతా వాళ్లు మీటరు పెట్టుకొని ఆధార్ లింక్ చేసుకోవాలె అన్నరు. మంచి పనే. కానీ జీహెచ్‌ఎంసీ హద్దు వరకే. ఆ హద్దు దాటినంక జనగామ లేదు, వరంగల్ లేదు, సూర్యాపేట లేదు.

అదే జనవరి మొదట్లో ఢిల్లీ నుంచి ఇంకో వార్త వచ్చింది. మన గ్రూపుల ఎవరూ పట్టించుకోలే. కరోనా టైములో రాష్ట్రాలకు ఎక్కువ అప్పు తెచ్చుకునే అవకాశం ఇస్తూ కేంద్రం కొన్ని షరతులు పెట్టింది. వాటిల్లో ఒకటి మున్సిపాలిటీల మీద: ఇంటి పన్నుకు, నీళ్లకు, మురుగునీటి చార్జీలకు కనీస రేట్లు ప్రకటించాలె, ఆ రేట్లు ఖర్చుకు తగ్గట్టు ఉండాలె, ధరలు పెరిగినప్పుడల్లా అవి కూడా పెరిగే పద్ధతి పెట్టాలె. మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ తర్వాత ఈ షరతు పూర్తి చేసిన మూడో రాష్ట్రం తెలంగాణ. అందుకు 2,508 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దొరికింది.

అంటే ఏమైంది? ఒకే నెలలో, ఒకే సర్కారు, రాజధానిలో నీళ్లు ఉచితమన్నది. మున్సిపాలిటీల్లో నీళ్లకు ఇంతకంటే తక్కువ తీసుకోవద్దు, ఎప్పటికప్పుడు పెంచుకుంట పోవాలె అన్న పద్ధతికి కూడా ఒప్పుకున్నది. రఘునాథపల్లి నుంచి పడమటికి బస్సెక్కిన కుటుంబానికి ఒక న్యాయం, తూర్పుకు ఎక్కిన కుటుంబానికి ఇంకో న్యాయం. ఇద్దరూ ఒకే తండా, ఒకే కులం, ఒకే కూలి. తేడా ఏంటంటే గ్రేటర్‌లో అప్పుడు ఎన్నికలున్నయి.

"అయితే అన్ని టౌన్లకూ 20 వేల లీటర్లు ఇస్తే అయిపాయె కదా" అంటరు. కాదు. మా అసలు గొడవ అక్కడే మొదలైతది.

ఈ లెక్క వేసి చూడండి. 20 వేల లీటర్లను 30 రోజులకు, ఐదుగురికి పంచితే మనిషికి రోజుకు 133 లీటర్లు. మిషన్ భగీరథలో మున్సిపాలిటీలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క పెట్టుకున్నరు, కార్పొరేషన్లకు 150, ఊర్లకు 100. అంటే ఆ 20 వేలు ఒక ఇల్లు, ఒక నల్లా, ఐదుగురు మనుషులు ఉన్న కుటుంబానికి సరిపోతయి. అదే సొంతింట్లో ముసలిదంపతులు ఇద్దరే ఉంటే మనిషికి 333 లీటర్లు వస్తయి, చెట్లకు పోసుకున్నా మిగులుతయి. ఇప్పుడు మనోళ్లు ఉండే ఇల్లు చూడండి. కింద ఓనర్, పైన మూడు రూములు, రూముకు ముగ్గురు నలుగురు. మొత్తం 12 మంది, నల్లా ఒక్కటే. మనిషికి 55 లీటర్లు. జల్ జీవన్ మిషన్ కింద కేంద్రం పల్లెటూళ్లకు పెట్టిన కనీసం కూడా 55 లీటర్లే. ఊరు విడిచి టౌన్‌కు వచ్చి, కిరాయి కట్టి, మళ్లీ పల్లె కొలతకే దిగినం.

నల్లా ఇంటి పేరు మీద ఉంటది. కనెక్షన్ కావాలంటే ఇంటి నంబరు కావాలె, ఇంటి పన్ను రసీదు కావాలె. కిరాయిదారుకు అవి రెండూ ఉండవు. పట్టా లేని జాగల గుడిసె వేసుకున్నోళ్లకు అసలే ఉండవు. పేదోళ్లకు రూపాయికే నల్లా కనెక్షన్ అని పథకం పెట్టిండ్రు కదా, మనోళ్లకు ఎంతమందికి పనికొచ్చింది? రూపాయి మన జేబుల ఉన్నది, ఇల్లే లేదు.

చిన్న టౌన్లలో చాలా చోట్ల మీటర్లు లేవు. అర ఇంచు పైపుకు నెలకు ఇంత అని ఒకే రేటు. బంగ్లాకూ అదే, రేకుల ఇంటికీ అదే. బంగ్లాల సంపు ఉంటది, నల్లా వచ్చిన గంటలో మోటరు పెట్టి గుంజుకుంటరు. చివరి గల్లీల బిందె కింద సన్నని ధార. ఇంకో ముచ్చట, ఇది అందరికీ తెలుసు కానీ ఎవరూ రాయరు: ఓనర్ మున్సిపాలిటీకి కట్టేది ఒక్క నల్లాకు, వసూలు చేసేది ప్రతి రూము నుంచి. రసీదు ఉండదు. అడిగితే "ఇష్టముంటే ఉండు, లేకుంటే ఖాళీ చెయ్" అంటడు. తమ్ముడు పెట్టిన చిట్టీ అదే. అది మున్సిపాలిటీ బిల్లు కాదు, ఓనర్ బిల్లు. ఆ రేటును ఏ కౌన్సిల్ తీర్మానం చేయలేదు, ఏ ఆఫీసరు సంతకం పెట్టలేదు.

ఇక టైము సంగతి. నల్లా రోజు విడిచి రోజు వస్తది. కొన్ని గల్లీలకు పొద్దున తొమ్మిదికి వస్తది. ఆ టైముకు యాడి, బాపు లేబర్ అడ్డా మీద నిలబడాలె. నీళ్లు పట్టుకుంటే కూలి పోయింది, కూలికి పోతే నీళ్లు పోయినయి. పోయిన నీళ్ల జాగల 20 లీటర్ల క్యాన్ కొనాలె. క్యాన్ 10 రూపాయలకు తెచ్చుకున్నా వెయ్యి లీటర్లకు 500 అయితది. ఇంటికి తెచ్చిపోస్తే 20 తీసుకుంటరు, అంటే వెయ్యి లీటర్లకు వెయ్యి రూపాయలు. ఏ మున్సిపాలిటీ కూడా ఇండ్లకు ఆ రేటు పెట్టదు. మన జనం మాత్రం సప్పుడు చేయకుండా కడుతున్నరు. ఉచితాలు తింటున్నరని మనల్ని తిట్టేటోళ్లు ఒక్కసారి ఈ లెక్క చేయాలె.

హాస్టల్ గురించి కూడా చెప్పాలె. టౌన్ పేరు, హాస్టల్ పేరు రాయం. రాస్తే రేపు వార్డెన్ సారుకు ఫోన్లు పోతయి, ఆయన తప్పేం లేదు. మాది కిరాయి బిల్డింగు. ఒకసారి మార్చి నెలలో బకాయి ఉన్నదని వచ్చి నల్లా బంద్ చేసి పోయిండ్రు. ఓనర్‌ను అడిగితే "డిపార్ట్‌మెంట్ కట్టాలె" అన్నడు. డిపార్ట్‌మెంటుకు పోతే "అగ్రిమెంట్ ప్రకారం ఓనర్ కట్టాలె" అన్నరు. వాళ్లిద్దరూ కాగితాలు రాసుకుంటుంటే తొమ్మిది రోజులు మేం బకెట్లు పట్టుకొని పక్క గల్లీ బోరింగ్ కాడికి తిరిగినం. సెమిస్టర్ పరీక్షలు దగ్గరున్నయి. ఆడపిల్లల హాస్టల్‌లో ఇదే జరిగితే ఎట్లుంటదో మేం చెప్పాల్సిన పని లేదు, అక్కలే రాయాలె. బిల్లు ఎవరి పేరు మీద ఉన్నదో మాకు తెల్వదు. బాకీ పడ్డది మేం కాదు. శిక్ష మాత్రం మాకు పడ్డది. నీళ్లు తాగేటోనికి, బిల్లు కట్టేటోనికి సంబంధం లేని పద్ధతిలో నల్లా బంద్ పెట్టడమంటే అప్పు ఒకడు చేస్తే జప్తు ఇంకొకని ఇంట్లో చేసినట్టే.

ఎదుటివాళ్ల మాట కూడా విందాం. నీళ్లు ఊరికే రావు అంటరు. నిజమే. కరెంటు, పటిక, క్లోరిన్, పైపుల రిపేరు, లైన్‌మన్ జీతం, అన్నిటికీ ఖర్చే. లైన్‌మన్లు కూడా మనలాంటి ఇండ్ల పిల్లలే, వాళ్ల జీతం ఆగొద్దు. మేం అందరికీ అంతా ఉచితం అంటలేం. స్విమ్మింగ్ పూల్‌కు, కారు కడగడానికి, ఫంక్షన్ హాల్‌కు పూర్తి ఖర్చు తీసుకోండి, ఎక్కువే తీసుకోండి. కానీ ఖర్చు లెక్క తీసేటప్పుడు మొదటి నుంచి తీయాలె. వరంగల్ జనం తాగే నీళ్లు నిలువ ఉండే చెరువుల్లో ధర్మసాగర్ ఒకటి. అందులోకి దేవాదుల ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు వస్తయి. ఆ నీళ్లను ఎత్తేది ఏటూరునాగారం దిక్కు గంగారం దగ్గర, మన ఏజెన్సీ ప్రాంతంలో. అక్కడి గూడేలకు ఆ నీటి మీద ఎవరూ కిరాయి కట్టలేదు. ఖర్చంతా రాబట్టుకోవాలని మాట్లాడేటోళ్ల బిల్లుల్లో ఆ లైను కనిపించదు.

మీటర్లు పెడితే అన్నీ సక్కగైతయి అనేది ఇంకో మాట. మీటరుకు మేం వ్యతిరేకం కాదు. కానీ మీటరు లీటర్లను లెక్కపెడతది, మనుషులను లెక్కపెట్టదు. ఎక్కువ వాడితే ఎక్కువ రేటు అనే స్లాబు పెట్టినప్పుడు, ఒక్క మీటరు వెనక 12 మంది ఉంటే ఒక్కొక్కరు తక్కువ వాడినా ఇల్లు పై స్లాబుకు ఎక్కుతది. ఇద్దరే ఉండి మస్తుగ వాడేటోళ్లు కింది స్లాబులనే ఉంటరు. ఢిల్లీలో 2015లో 20 వేల లీటర్లు ఉచితం అని మొదలుపెట్టినప్పుడు, అది దాటితే మొత్తం బిల్లు కట్టాలె అన్నరు. గుంపుగా బతికేటోళ్లకు అది ఉచితమెట్లయితది?

దక్షిణాఫ్రికాలో ఇదే గొడవ కోర్టు దాకా పోయింది. అక్కడ అప్పుడు ఇంటికి నెలకు 6 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చేటోళ్లు. ఎనిమిది మందికి పంచితే మనిషికి రోజుకు 25 లీటర్లు. జోహన్నెస్‌బర్గ్‌లో నల్లవాళ్లు ఉండే సొవెటోలో, ఫిరి అనే బస్తీలో, ముందుగాల పైసలు కడితేనే నీళ్లొచ్చే ప్రీపెయిడ్ మీటర్లు పెట్టిండ్రు. ఒక్క ఆవరణలో రెండు మూడు కుటుంబాలు ఉండేటివి. ఉచితం అయిపోగానే మీటరు బంద్. లిండివే మజిబుకో అనే ఆమె, ఇంకొంతమంది కేసు వేసిండ్రు. 2008లో హైకోర్టు మనిషికి రోజుకు 50 లీటర్లు ఇవ్వాలె అన్నది. 2009లో పెద్ద కోర్టు దాన్ని కొట్టేసింది. వాళ్లు ఓడిపోయిండ్రు. కానీ వాళ్లు అడిగింది మేం ఇక్కడ అడుగుతున్నదే: ఇంటికి కాదు, మనిషికి లెక్క కట్టండి.

మన దగ్గర చట్టం మరీ అంత దూరంగా లేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కాడ పెట్టబోయిన ఫ్యాక్టరీ కేసులో 2000లో సుప్రీంకోర్టు తాగునీరు బతికే హక్కులో భాగమని చెప్పింది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో పట్టణాల నీటి సరఫరా మున్సిపాలిటీల పనుల్లో రాసి ఉన్నది. అంటే రేటు గురించి అడగాల్సింది వార్డు మెంబరును, చైర్మన్‌ను, కమిషనర్‌ను. తండాలో నల్లా పన్ను ఎక్కువైతే సర్పంచ్ ఇంటి ముందట పోయి నిలబడతం. 2018 చట్టంతో మన తండాలు పంచాయతీలైనంక ఆ సర్పంచ్ మన మనిషే. టౌన్‌ల ఎవరి ముందట నిలబడతం? ఓటే అక్కడ లేనోని మాట వార్డు మెంబరు ఎందుకు వింటడు? కిరాయిదార్ల ఓట్లు తండాల్లో ఉన్నంత కాలం టౌన్‌ల నీళ్ల రేటు ఓనర్ల కోసమే తయారైతది. తండా ఓటు వదులుకోమని మేం చెప్పం, అది ఎవరి ఇంటి సంగతి వాళ్లది. కానీ ఓటు లేకున్నా దరఖాస్తు పెట్టొచ్చు, ప్రజావాణికి పోవచ్చు, సమాచార హక్కు కింద అడగొచ్చు.

మేం అడుగుతున్నది ఇది. మనిషికి రోజుకు 135 లీటర్ల దాకా జనగామలో, వరంగల్‌లో, ప్రతి మున్సిపాలిటీలో ఉచితంగా ఇవ్వాలె, ఒక నల్లా మీద ఎంతమంది ఉన్నరో రేషన్ కార్డుతోనో ఆధార్‌తోనో రాసుకొని. ఆధార్‌తో మనల్ని అన్నిటికీ లెక్కపెడుతనే ఉన్నరు, నీళ్లు ఇచ్చేటప్పుడు కూడా లెక్కపెట్టనీ. ఓనర్ కిరాయిదారు కాడ నీళ్ల పైసలు తీసుకుంటే రసీదు ఇవ్వాలె, మున్సిపాలిటీ రేటు కన్న ఎక్కువ తీసుకోవద్దు. నల్లా రాని రోజులకు బిల్లులో కోత పెట్టాలె. హాస్టళ్లకు, కిరాయి బిల్డింగుల్లో ఉన్నా సరే, బకాయి పేరు చెప్పి నల్లా బంద్ పెట్టొద్దు. ఆ బకాయి డిపార్ట్‌మెంటుకూ ఓనర్‌కూ మధ్య తేల్చుకోవాలె. కూలికి పోయేటోళ్ల గల్లీలకు నల్లా పొద్దున ఆరు లోపల్నో, సాయంత్రం ఆరు తర్వాతనో విడవాలె. ఈ చివరిదానికి పైసా ఖర్చు లేదు, వాల్వ్ తిప్పే టైము మార్చుడే.

ముందుగా మనకు మన లెక్క కావాలె. టౌన్‌ల కిరాయికి ఉన్నోళ్లు, హాస్టళ్లల్ల ఉన్నోళ్లు కింద కామెంట్‌లో నాలుగు ముచ్చట్లు రాయండి: ఏ టౌన్, ఒక నల్లా మీద ఎంతమంది, నెలకు ఎంత కడుతున్నరు, నీళ్లు ఎన్ని రోజులకోసారి ఏ టైముకు వస్తున్నయి. ఓనర్ పేరు, ఇంటి నంబరు రాయొద్దు. రాయడం రాకుంటే వాయిస్ పెట్టండి, మన గోర్ బోలిలో చెప్పినా మేం రాసుకుంటం. అన్నీ జమ చేసి, టౌన్ల వారీగా కాగితం మీద పెట్టి, సెలవులు రాకముందే ఆ ఆఫీసుల్లో ఇచ్చి ముద్ర కొట్టించుకొస్తం.