సాఫ్ట్‌వేర్ మారింది, ఉత్తరాలు ఏమయ్యాయి?

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో రోలింగ్ మిల్లులు, స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి. వాటికి సరుకు అందించే, లెక్కలు చూసే చిన్న కార్యాలయాలు నగరంలో చాలా చోట్ల కనిపిస్తాయి. అలాంటి ఒక కార్యాలయాన్ని ఊహించుకోండి. గుమస్తా బల్ల మీద ఆరేళ్ల నాటి కంప్యూటర్ ఉంది. కొటేషన్లు, బిల్లులు, బేరసారాలు, పన్ను నోటీసులకు పంపిన జవాబులు అన్నీ అందులోని ఈమెయిల్ ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దీపావళి హడావిడి మొదలవకముందే కొత్త విండోస్ వేయించుకోవడం మంచిదని కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు చెప్పాడు. ఒక పూటలో పని పూర్తయింది. మర్నాడు గుమస్తా మెయిల్ తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఇచ్చాక ఆ ఉదయం వచ్చిన నాలుగు ఉత్తరాలు కనిపించాయి. అంతకు ముందరి ఆరేళ్లూ లేవు.

ఈ కార్యాలయం ఊహే అయినా, ఇక్కడ జరిగినదానిలో అసాధారణం ఏమీ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ మారిన ప్రతిసారీ ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. వాటికి వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే: “ముందే బ్యాకప్ తీసుకోవాల్సింది.” ఆ మాటలో నిజం ఉంది కానీ, పూర్తి నిజం లేదు. ఈమెయిల్ ఎలా ప్రయాణించాలో ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలు ఉన్నాయి. వచ్చిన ఉత్తరాన్ని ఎలా దాచాలన్నది మాత్రం ప్రతి ప్రోగ్రామ్ తన ఇష్టానికి తేల్చుకుంది. గుమస్తా ఆరేళ్ల ఉత్తరాలు జారిపోయింది ఈ రెంటి మధ్య ఉన్న సందులోకే.

దారి అందరిదీ, పెట్టె ఎవరిది వారిదే

1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ ద్వారా ఉత్తరం పంపారు. 1982లో జాన్ పోస్టెల్ ఎస్ఎంటీపీ నియమాలను, డేవిడ్ క్రాకర్ ఉత్తరం రూపాన్ని నిర్దేశించే పత్రాన్ని ప్రచురించారు. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణంతో ఫొటోలు, ఫైళ్లు, ఇంగ్లిష్ కాని లిపులు కూడా ఉత్తరంలో ఇమిడాయి. ఇవన్నీ బహిరంగ ప్రమాణాలు. ఎవరైనా చదువుకోవచ్చు, వాటి ప్రకారం సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు. అందుకే రాయ్‌పూర్ నుంచి పంపిన ఉత్తరం విశాఖపట్నంలో ఏ కంపెనీ ప్రోగ్రామ్ వాడుతున్నవారికైనా చేరుతుంది.

ఉత్తరం కంప్యూటర్‌లోకి వచ్చాక కథ మారుతుంది. యూనిక్స్ కాలం నుంచి ఉన్న ఎంబాక్స్ పద్ధతిలో ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో, మామూలు అక్షరాల రూపంలో, ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. ఏ టెక్స్ట్ ఎడిటర్‌తో తెరిచినా చాలావరకు చదవవచ్చు. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అలా కాకుండా డీబీఎక్స్ అనే సొంత పద్ధతి పెట్టుకుంది. అవుట్‌లుక్ పీఎస్టీని ఎంచుకుంది. ఈ ఫైళ్లను తెరవాలంటే ఆ ప్రోగ్రామే ఉండాలి, లేదా వాటిని అర్థం చేసుకోగల మరో సాధనం దొరకాలి.

ఇక ఆ ప్రోగ్రామ్‌లు ఎంతకాలం నిలిచాయో చూడండి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉండేది. 2007లో విస్టా దాని స్థానంలో విండోస్ మెయిల్‌ను తెచ్చింది. 2009 నాటి విండోస్ 7లో మెయిల్ ప్రోగ్రామే లేదు. విండోస్ లైవ్ మెయిల్‌ను విడిగా వేసుకోవాల్సి వచ్చింది. దానికి 2017 జనవరి 10న మద్దతు ఆగింది. విండోస్ 10తో వచ్చిన మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31న తెరపడింది. ఇప్పుడు కొత్త అవుట్‌లుక్ వంతు. ఒకే కంపెనీని నమ్ముకుని, కంప్యూటర్‌తో వచ్చిన ప్రోగ్రామ్‌నే వాడుకుంటూ వచ్చిన మనిషి పాతికేళ్లలో నాలుగు సార్లు ఇల్లు మారాడన్నమాట. ప్రతి మార్పులోనూ సామాను పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ యుడోరా. 1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డార్నర్ రాసిన ఈ ప్రోగ్రామ్ ఒకప్పుడు ఎంతో ప్రజాదరణ పొందింది, తర్వాత ఆగిపోయింది. 2018లో దాని సోర్స్ కోడ్‌ను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం విడుదల చేసింది. ఇప్పుడది మ్యూజియం వస్తువు. కానీ అది ఉత్తరాలను దాచింది ఎంబాక్స్‌కు దగ్గరి పద్ధతిలో. కాబట్టి ఆ ఫైళ్లు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఈరోజుకీ చదవవచ్చు.

అసలు ఎక్కడ తెగుతుంది?

అప్‌గ్రేడ్ తర్వాత “మెయిల్ పోయింది” అనే ఒక్క మాట వెనుక నాలుగు వేర్వేరు సమస్యలు ఉండవచ్చు. దేనికి దానిదే పరిష్కారం.

మొదటిది, ఉత్తరం అసలు ప్రతి ఎక్కడుంది అన్నది. పాప్ పద్ధతి పోస్టాఫీసుకు వెళ్లి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవడం లాంటిది. సర్వర్‌లో ఒక ప్రతి ఉంచమని ప్రత్యేకంగా చెప్పకపోతే అక్కడ ఏమీ మిగలకపోవచ్చు. ఐమ్యాప్ పద్ధతిలో ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంటాయి, కంప్యూటర్‌లో కనిపించేది వాటి నకలు. ఐమ్యాప్ వాడేవారికి కొత్త కంప్యూటర్‌లోనూ పాత ఉత్తరాలు వాటంతటవే తిరిగి వస్తాయి. పాప్ వాడేవారికి మాత్రం డిస్కులోని ఆ ఒక్క ఫైలే సర్వస్వం.

రెండోది, ఫైలు ఉన్నా ప్రోగ్రామ్ దాన్ని చూడకపోవడం. మెయిల్ ఫైళ్లు సాధారణంగా కంటికి కనిపించకుండా దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. కొత్తగా వేసిన ప్రోగ్రామ్ ఖాళీ ప్రొఫైల్ ఒకటి తెరుచుకుని కూర్చుంటుంది. 2019లో థండర్‌బర్డ్ 68 వచ్చినప్పుడు, ఒక్కో ఇన్‌స్టాలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్ అన్న పద్ధతి మొదలవడంతో చాలామంది ఇలాగే కంగారుపడ్డారు. ఉత్తరాలు పక్క ఫోల్డర్‌లో భద్రంగానే ఉన్నాయి. విండోస్ కూడా అప్‌గ్రేడ్ సమయంలో పాత వ్యవస్థను ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. సాధారణంగా 10 రోజుల తర్వాత దాన్ని తానే తుడిచేస్తుంది. డిస్కును ఫార్మాట్ చేసి ఉంటే ఆ 10 రోజుల గడువు కూడా ఉండదు.

మూడోది, తాళంచెవి మారడం. సర్వర్‌తో రహస్యంగా మాట్లాడుకునే పాత పద్ధతులైన టీఎల్ఎస్ 1.0, 1.1లకు 2021లో స్వస్తి పలికారు. ఉత్త పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చే యాప్‌లను వ్యక్తిగత ఖాతాల విషయంలో గూగుల్ 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ అదే పనిని తన వ్యాపార మెయిల్ సేవలో అదే ఏడాది అక్టోబర్‌లో ప్రారంభించింది. ఇవి అవసరమైన భద్రతా చర్యలే. కానీ పాత ప్రోగ్రామ్‌కు కొత్త తాళం తెలియదు. పాత ఉత్తరాలు అక్కడే ఉన్నా కొత్తవి రావు. నింద మాత్రం అప్‌గ్రేడ్ మీద పడుతుంది.

నాలుగోది లిపి. రాయ్‌పూర్ కార్యాలయాల్లో ఒకప్పుడు హిందీ అంటే కృతిదేవ్ ఫాంటే. తెలుగు ప్రచురణ సంస్థల్లో అను ఫాంట్లు అదే పాత్ర పోషించాయి. వీటిలో దాగి ఉండేది నిజానికి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. ఫాంట్ వాటికి దేశీయ లిపి ముసుగు వేస్తుంది. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఉత్తరం తెరుచుకుంటుంది కానీ అర్థం లేని అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. తెలుగుకు 1991 నుంచే యూనికోడ్‌లో స్థానం ఉంది. యూనికోడ్‌లో రాసిన ఉత్తరానికి ఈ బాధ లేదు.

వరి విత్తనాలు నేర్పే పాఠం

దాచుకోవడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి రాయ్‌పూర్ వాసులు దూరం వెళ్లనక్కరలేదు. అక్కడి ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి రకాల నమూనాలు ఉన్నాయి. ప్రపంచంలోని పెద్ద వరి సేకరణల్లో అదొకటి. ఇందులో పెద్ద భాగం 1970లలో డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా పల్లెపల్లెకూ తిరిగి సేకరించినదే. ఆ విత్తనాలను చల్లని గదుల్లో పెట్టి తాళం వేస్తే సరిపోదు. ఎంత చల్లగా ఉంచినా కాలం గడిచేకొద్దీ విత్తనానికి మొలకెత్తే శక్తి తగ్గుతుంది. అందుకే శాస్త్రవేత్తలు అప్పుడప్పుడు మొలక శాతం పరీక్షిస్తారు. తగ్గిందనిపిస్తే పొలంలో నాటి, పండించి, తాజా గింజను తిరిగి నిల్వలో చేరుస్తారు.

డిజిటల్ ఉత్తరాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. డీబీఎక్స్ ఫైలును సీడీలో భద్రంగా దాచినవారి దగ్గర గింజ ఉంది. అది మొలకెత్తుతుందో లేదో వారు చూడలేదు. కొన్నేళ్లకోసారి తెరిచి చూడటం, అవసరమైతే కొత్త రూపంలోకి మార్చి తిరిగి దాచడం నిల్వలో భాగమే. ఈ పని తేలిగ్గా జరగాలంటే ఫైలు బహిరంగ పద్ధతిలో ఉండాలి.

చట్టం అడిగేది, సాఫ్ట్‌వేర్ ఇచ్చేది

ఇది పాత జ్ఞాపకాల సమస్య మాత్రమే అయితే ఇంత చర్చ అవసరం లేదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలు, వాటి వోచర్లు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు అంటుంది. రికార్డులను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచితే పాటించాల్సిన షరతులను ఐటీ చట్టం 2000లోని 7వ సెక్షన్ చెబుతుంది. సమాచారం తర్వాత వాడుకునేలా అందుబాటులో ఉండాలి. పుట్టిన రూపంలో గానీ, దాన్ని కచ్చితంగా ప్రతిబింబించే రూపంలో గానీ ఉండాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన, ఏ సమయంలో వెళ్లిందో తెలియాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆయుష్షు చూడండి. విండోస్ లైవ్ మెయిల్ చివరి ప్రధాన విడుదల 2012లో వచ్చింది, 5 ఏళ్లు నిండకముందే మద్దతు ఆగింది. చట్టం 8 ఏళ్లు దాచమంటుంది, దాచే పెట్టె 5 ఏళ్లు కూడా నిలవదు. ఈ తేడాను పూడ్చే భారమంతా గుమస్తా మీద వేయడం న్యాయం కాదు.

అన్నీ క్లౌడ్‌లో పెట్టుకుంటే సరిపోతుంది కదా అనవచ్చు. డిస్కు చెడిపోయే భయానికి క్లౌడ్ మంచి మందే. కానీ అక్కడా షరతులు ఉన్నాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే స్థలం 15 జీబీ. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని కూడా ఆ సంస్థ నియమం పెట్టుకుంది. కొత్త అవుట్‌లుక్‌లో వేరే సంస్థ ఐమ్యాప్ ఖాతాను చేర్చితే, ఆ ఉత్తరాల ప్రతి మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు కూడా చేరుతుంది. ఇది కొందరికి సౌకర్యం, మరికొందరికి అభ్యంతరం. ఏదైనా వాడుకరి తెలిసి ఒప్పుకోవాలి. పాత విండోస్‌నే పట్టుకుని వేలాడటం కూడా పరిష్కారం కాదు. భద్రతా సవరణలు రాని కంప్యూటర్‌లో ఉత్తరాలు దాచడం, గొళ్లెం లేని పెట్టెలో డబ్బు దాచడంతో సమానం.

ఏం చేయాలి?

ఏ కంపెనీ అయినా ఒక ప్రోగ్రామ్‌ను శాశ్వతంగా నడపాలని ఎవరూ కోరడం లేదు. మూసే ముందు బయటికి దారి చూపాలి. ఉత్తరాలన్నిటినీ తలకట్టులతో సహా ఎంబాక్స్ లేదా ఈఎంఎల్ రూపంలో ఒకే మీటతో బయటికి తీసే సదుపాయం ప్రతి మెయిల్ ప్రోగ్రామ్‌లోనూ ఉండాలి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ మొదలయ్యే ముందు డిస్కులో ఖాళీ ఎంత ఉందో చూస్తుంది, ప్రాసెసర్ సరిపోతుందో చూస్తుంది. “ఈ ఉత్తరాలు ఈ కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేకపోవచ్చు” అని హెచ్చరించడం అంతకన్నా కష్టమైన పనేమీ కాదు.

ప్రభుత్వం చేతిలో సాధనం ఇప్పటికే ఉంది. ఈ-గవర్నెన్స్‌లో బహిరంగ ప్రమాణాలు వాడాలన్న విధానాన్ని కేంద్రం 2010లోనే ప్రకటించింది. కార్యాలయాలకు మెయిల్ వ్యవస్థలు కొనేటప్పుడు నిల్వ పద్ధతిని కూడా ఆ కోణంలో చూడాలి. టెండరులో ఒక్క షరతు చేర్చితే చాలు: ఒప్పందం ముగిసిన రోజున ఉత్తరాలన్నీ బహిరంగ రూపంలో తిరిగి అప్పగించాలి. ప్రభుత్వం లాంటి పెద్ద కొనుగోలుదారు అడిగితే తయారీదారులు కాదనరు. ఆ సదుపాయం తర్వాత చిన్న కార్యాలయాలకూ అందుతుంది.

ఈలోగా అప్‌గ్రేడ్ చేయించుకునేవారు గంట సమయం వెచ్చిస్తే చాలు. ఖాతా పాప్‌దో ఐమ్యాప్‌దో చూసుకోవాలి. ప్రోగ్రామ్‌ను మూసి, దాని ప్రొఫైల్ ఫోల్డర్‌ను లేదా పీఎస్టీ ఫైలును వేరే డిస్కులోకి కాపీ చేయాలి. ఆ కాపీని మరో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడాలి. అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసేది ఈ చివరి మెట్టునే. మొలక శాతం పరీక్ష అంటే ఇదే.

ఉర్లాలోని ఆ ఊహా కార్యాలయంలో గుమస్తాకు ఇంకా ఆశ ఉంది. కుర్రాడు డిస్కును ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదే కొత్త విండోస్ ఎక్కించి ఉంటే, ఆరేళ్ల ఉత్తరాలు ఏదో ఒక దాచిన ఫోల్డర్‌లో ఉండి ఉంటాయి. వెతకడానికి 10 రోజులు కూడా లేకపోవచ్చు. మరుసటిసారి ఆ కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టే ముందు ఒక ప్రశ్న అడగాలి: “పాత మెయిళ్లు ఎక్కడున్నాయి సార్?” ఆ ప్రశ్నను కంప్యూటరే అడిగే రోజు రావాలి.