నమ్మకానికి లెక్క ఉండాలి



ఒకరు తన ఆస్తిని మరొకరి చేతికి అప్పగించి, దాని ఫలం మూడో మనిషికి అందేలా చూడమనడమే ట్రస్టు. బైబిలు మాటలో చెప్పాలంటే అది గృహనిర్వాహకత్వం. మన దేశంలో ప్రైవేటు ట్రస్టులకు 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ఆధారం. విదేశంలో స్థిరపడిన తల్లిదండ్రులు ఇక్కడున్న వికలాంగ బిడ్డ కోసం అక్కడ ట్రస్టు పెడితే అది నేరం కాదు. దాన్ని మేము తప్పుపట్టం.

తప్పు దాపరికంలో ఉంది. 2021 అక్టోబరులో పండోరా పేపర్స్ పేరిట దాదాపు 1.19 కోట్ల పత్రాలు బయటికొచ్చాయి. ధనవంతులు, అధికారంలో ఉన్నవారు దూరదేశాల కంపెనీలు, ట్రస్టుల చాటున ఆస్తులు ఎలా ఉంచుతారో లోకమంతా చూసింది. వాటిలో భారతీయుల పేర్లూ ఉన్నాయి. కుక్ దీవుల చట్టమైతే తమ దగ్గరి ట్రస్టులపై విదేశీ కోర్టుల తీర్పులను అమలు కానివ్వదు. కాగితం మీద ఆస్తి ట్రస్టీది, అనుభవించేది పాత యజమానే. అప్పిచ్చిన ప్రభుత్వ బ్యాంకు వచ్చి అడిగితే ‘నా పేర ఏమీ లేదు’ అనవచ్చు. ఆ లోటు చివరికి సబ్బు బిళ్ల మీద కూడా జీఎస్టీ కట్టే కూలివాని నెత్తిన పడుతుంది.

చట్టం లేక కాదు. విదేశీ ట్రస్టులో ట్రస్టీగా గాని, లబ్ధిదారుగా గాని, దాన్ని స్థాపించినవారిగా గాని ఉన్న భారత నివాసి ఆ సంగతి ఆదాయపు పన్ను రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్ఏలో చూపాలి. 2015 నల్లధన చట్టం ప్రకారం దాచిన విదేశీ ఆస్తిపై 30 శాతం పన్ను, దానికి మూడింతల జరిమానా పడతాయి. కావలసింది అమలు.

ఇక్కడే మా బాధ. బరంపురంలోనో హోసూరులోనో ఒక చిన్న క్రైస్తవ సేవాసంస్థ అనాథ పిల్లల కోసం విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి కావాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖకు రావాలి. ఏటా లెక్క చెప్పాలి. చెప్పడం మంచిదే. మరి సరిహద్దు దాటించి కోట్లు దాచినవారిని అంతే గట్టిగా అడగరేం?

అననీయ, సప్పీరాల సంగతి మనకు తెలుసు. పొలం వారిదే, అమ్మిన సొమ్మూ వారి వశంలోనే ఉంది. ఉంచుకున్నందుకు కాదు, దాచి అబద్ధమాడినందుకే పేతురు వారిని నిలదీశాడు.

యౌవనులారా, విదేశాల్లోని బంధువులు మీ పేరు ఏదైనా ట్రస్టులో చేర్చారేమో అడిగి తెలుసుకోండి, ఉంటే రిటర్నులో చూపండి. మన సంఘాల లెక్కలు సంఘం ముందు చదవండి. ట్రస్టుల వెనుక ఉన్న అసలు యజమానుల వివరాలు అధికారుల చేతికి అందే ఏర్పాటు చేయాలని మీ పార్లమెంటు సభ్యులకు ఉత్తరం రాయండి. మన ఇంటి లెక్క సరిగా ఉంటేనే ఇతరులను లెక్క అడిగే నోరు మనకుంటుంది. ప్రభువు మనకు ఆ ధైర్యమిచ్చును గాక.