కనకాంబరం కొమ్మకేం తక్కువ?

కనకాంబరం విత్తనంతోనే వేయాలట, గుచ్చిన కొమ్మకు తల్లివేరు ఉండదు గనుక ఏడాది తిరక్కుండానే ఎండిపోతుందట. పలివెలలో పెరడున్న ఇంటికల్లా ఈ మాట చేరింది. కొప్పున్న శివుడు కొలువైన ఊళ్లో కొప్పులో పెట్టుకునే పువ్వు గురించి ఇంత పొరపాటు ప్రచారం కావడం నాకు బాధగా ఉంది.

పెద్ద రేకుల ఢిల్లీ కనకాంబరం సంగతే చూడండి. మామూలు మొక్కల్లో క్రోమోజోములు జంటలుగా ఉంటే, దీనిలో మూడేసి ఉంటాయి. అందుకే గింజ కట్టదు. కొమ్మ గుచ్చడం తప్ప దానికి వేరే దారి లేదు. ఆ పేరుతో ఎవరైనా విత్తనాల పొట్లం అమ్మితే కొనకండి. మన అమృతపాణి, కర్పూర చక్కెరకేళి అరటిదీ ఇదే కథ: మూడేసి క్రోమోజోములు, గింజ లేని పండు, పిలకతోనే వంశం. తరతరాలుగా పిలకను నమ్మిన రైతు కొమ్మను అనుమానించడమేమిటి? కొబ్బరికి కాయే దారి కాబట్టి అన్నిటికీ అదే దారి అనుకోవడం కోనసీమలో సహజమే కావచ్చు, కానీ సరికాదు.

పాత నారింజ రంగు రకానికి మాత్రం విత్తనమే సులువు, కాదనను. గోధుమ రంగుకు తిరిగిన వెన్నుల్ని వాన పడకముందే కోయాలి. ఎండిన కాయకు తడి తగిలితే టప్పున పగిలి గింజలు ఎగిరిపోతాయి.

మరి మొక్కలు ఎండిపోవడం? వేళ్లను తినే నులిపురుగులు, వాటి వెంట వచ్చే ఎండు తెగులు, మొదట్లో నిలిచే నీరు. ఇవి విత్తనపు మొక్కనూ వదలవు. పైగా ఆ నులిపురుగులు వేళ్లలో, మట్టిలో ఉంటాయి. పాత మడిలోంచి మట్టితో పెళ్లగించిన నారుతో అవి కొత్త పాదులోకి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మొక్క పైకొమ్మతో రావు.

జానెడు లోపు కొమ్మ తీసుకోండి, మరీ లేతదీ వద్దు, ముదురుదీ వద్దు. కణుపు కిందే కోసి, కింది ఆకులు తుంచి, కడిగిన ఇసుకలో నీడన గుచ్చండి. ఇసుక తడిగా ఉంటే చాలు, నీళ్లు నిలవకూడదు. వేరు పట్టాక, చెట్లు చచ్చిన పాత పాదులో మాత్రం నాటకండి. అక్కడ ముందు ఒక కారు బంతి వేయండి. బంతి వేళ్లు ఆ నులిపురుగుల్ని తగ్గిస్తాయి.