పూర్వ విద్యార్థుల జాబితాలో మన పిల్లలెక్కడ?

ఈమధ్య కాలేజీల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు బాగా పెరిగాయి. అభిమానం ఒక కారణం. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ, పూర్వ విద్యార్థుల సంఘం ఏం చేసిందని కూడా చూడటం ఇంకో కారణం. గుమాస్తాగా ఉద్యోగమంతా ఫారాలతోనే గడిపినవాణ్ణి, అడిగే గడి ఉంటేనే కాగితం కదులుతుందని నాకు తెలుసు. నేను చూసిన ఈ ఫారాల్లో మాతృభాష గడి లేదు.

సమ్మేళనాల్లో వేదిక మీద పెట్టేవి పెద్దవాళ్ళ ఫోటోలే. తప్పేం లేదు, మన ప్రాంతం పెద్దల కథ తెలుసుకోదగ్గదే. కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. నిజాం రాజ్యంలో ఇటు మరాఠ్వాడాకూ అటు తెలంగాణకూ ఉన్న విశ్వవిద్యాలయం 1918లో మొదలైన ఉస్మానియా ఒక్కటే. బోధన ఉర్దూలో. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడొద్దన్నారు. వినని విద్యార్థులను బయటికి పంపితే నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అప్పటి వైస్ ఛాన్సలర్ కేదార్ గారు తలుపు తీయకపోతే ఎందరి చదువు అక్కడితో ఆగేదో! అలా నాగపూర్ వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. తర్వాత ఆయన మరాఠీ రచయిత హరినారాయణ ఆప్టే నవలను 'అబల జీవితం'గా తెలుగు చేశారు, 1984లోనూ 1989లోనూ రామ్‌టెక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1991లో ప్రధాని అయ్యాక హోంమంత్రిగా తీసుకున్నది మన నాందేడ్ శంకర్‌రావ్ చవాన్‌ను. చవాన్ లా చదివింది ఉస్మానియాలో. ఇద్దరూ స్వామి రామానంద తీర్థ వెంట నడిచినవారే. ఆ స్వామి పేరుమీదే 1994లో నాందేడ్‌లో విశ్వవిద్యాలయం వచ్చింది.

ఈ కథలో నాకు ఎక్కువ పట్టేది ప్రధాని పదవి కాదు, కేదార్ చేసిన పని. పక్క ఊళ్ళో అడిగితే పలికే మనిషి ఒకరు ఉండటం.

మన ఇళ్ళ పిల్లలకు ఇప్పుడు తక్కువైంది అదే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పైచదువు ఇంగ్లీషు. హైదరాబాద్ వెళ్తే స్థానికేతరులు. ఇక్కడ క్యాప్ రౌండ్‌లో ఏ కాలేజీ ముందు రాయాలి, డొమిసైల్ ఎప్పుడు తీసుకోవాలి, నాన్ క్రీమీలేయర్ గడువు ఎప్పటిదాకా అన్నది తల్లిదండ్రులకు తెలియదు. ముందటేడు అదే దారిలో వెళ్ళిన పిల్లవాడు రెండు వీధుల అవతలే ఉంటాడు. ఆ సంగతీ తెలియదు.

అందుకే సంఘం తరఫున ఒక రిజిస్టరు తెరవాలని నా అభిప్రాయం. కాలేజీలో భాషల వారీ లెక్క ఎందుకని కొందరు పెద్దలు అంటున్నారు. కాలేజీని విడగొట్టమని కాదు, మన ఇంట్లో మన లెక్క ఉంచుకుందామని. డాక్టర్లు, ఇంజనీర్లే కాదు, ఐటీఐ చేసిన ఎలక్ట్రీషియన్, నర్సు, బడి మాస్టారు, అందరూ రావాలి. మధ్యలో ఆపి మళ్ళీ చదివినవాళ్ళు మరీ ముఖ్యం, వాళ్ళకే చిక్కులన్నీ తెలుసు. పేరు, కోర్సు, సంవత్సరం, కొత్తవాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడతారా లేదా, ఇంతే చాలు. ఒప్పుకోనివారి నంబరు ఎవరికీ ఇవ్వం.

ఒక్క మాట. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిలు కాలేజీ జాబితాల్లో దొరకడం లేదు. వాళ్ళ చేత పుట్టింటి పేరు కూడా రాయించండి.